వీధి రేసు లాభం తేనక్కర్లేదు

2023 జులైలో షికాగో నడిబొడ్డున అమెరికా స్టాక్ కార్ల పోటీల సంస్థ నాస్కార్ రేసు జరగడానికి ముందు నగరానికి వినిపించిన అంచనా ఇది: లక్షమంది ప్రేక్షకులు, 11 కోట్ల డాలర్ల పైచిలుకు ఆర్థిక ప్రయోజనం. రేసు అయిపోయాక నగర పర్యాటక సంస్థ ‘చూజ్ షికాగో’ చేయించిన అధ్యయనం తేల్చిన లెక్క: వచ్చినవాళ్ళు 47 వేల చిల్లర, ప్రయోజనం 10 కోట్ల 89 లక్షల డాలర్లు. రెండు రోజుల హాజరునూ విడివిడిగా లెక్కపెట్టి కూడినా లక్ష కాలేదు. మెరుపులకూ కుండపోత వానకూ శనివారం రేసు సగం కూడా నడవకుండానే ముగిసింది. కచేరీలు చాలావరకు రద్దయ్యాయి. ఆదివారం నాటి పెద్ద రేసును చీకటి పడుతోందని కుదించారు. జనం అనుకున్నంతమంది రాలేదు, వచ్చినవాళ్ళు తడిసి ముద్దయ్యారు, అయినా ప్రయోజనం అంకె మాత్రం అంచనాకు అడుగు దూరంలోనే నిలబడింది. అదెలా సాధ్యమని నిలదీసినవాళ్ళు తక్కువ.

ఇలాంటి అంకెల చుట్టూ ఒక నమ్మకం అల్లుకుని ఉంది. మేయర్లు, మంత్రులు, పర్యాటక శాఖలు, పత్రికల వాణిజ్య పేజీలు, తమ ఊరు ప్రపంచ పటంలో ఉండాలని మనసారా కోరుకునే మామూలు జనం కూడా ఒకే మాట అంటారు: నగర వీధుల్లో కార్ల రేసు ఒక పెట్టుబడి, కొన్నాళ్ళు రోడ్లు మూసుకుంటే పెట్టినదానికి పదింతలు తిరిగొస్తుంది. షికాగోలో అన్నారు, అంతకుముందు బాల్టిమోర్‌లో అన్నారు, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పెట్టినప్పుడు మన హైదరాబాదులోనూ అన్నారు. ఈ మాట తప్పు. లెక్కగా చూస్తే తప్పు, రేసుకు చేసే కీడు చూస్తే ఇంకా పెద్ద తప్పు. నాకు రేసులంటే ప్రాణం, అందుకే ఇది మింగుడుపడదు. వీధి రేసు అనేది నగరం తన సంతోషం కోసం పెట్టుకునే ఖర్చు. ఆ ఖర్చు పెట్టాలని జనం అనుకుంటే పెట్టవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ లాభం పేరు చెప్పి తెచ్చిన రేసు, ఆ లాభం కళ్ళకు కనబడని రోజున పోతుంది. షికాగోలో మూడేళ్ళకు ఆగిపోయింది. హైదరాబాదులో ఒక్క ఏడాదికే.

ఆర్థిక ప్రయోజనం అనే అంకె ఎలా పుడుతుందో చూడండి. ఇలాంటి అధ్యయనాలన్నీ ఇంచుమించు ఒకే దారిలో నడుస్తాయి. వచ్చినవాళ్ళలో కొందరిని ఆపి, ఏ ఊరు, ఎన్ని రాత్రులు ఉంటారు, హోటలుకూ తిండికీ ప్రయాణానికీ ఎంత పెడుతున్నారు అని అడుగుతారు. తేలిన సగటును మొత్తం జనంతో హెచ్చిస్తారు. నిర్వాహకులు నగరంలో పెట్టిన ఖర్చును దానికి కలుపుతారు. ఆ డబ్బు హోటలు సిబ్బంది జీతమై, ఆ జీతం కిరాణా కొట్టులో బేరమై చేతులు మారుతుంది కాబట్టి మొత్తాన్ని మళ్ళీ ఒక గుణకంతో పెంచుతారు. ఇది దొంగలెక్క అని నేననను. పద్ధతి అందరూ వాడేదే. అయితే రేసు లేకపోతే ఆ వారాంతం ఆ నగరంలో ఏం జరిగేదన్న అసలు ప్రశ్నకు అందులో దక్కే చోటు బహు తక్కువ.

జులై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. ఆ సెలవు రోజుల్లో షికాగో సరస్సు ఒడ్డుకు రేసు ఉన్నా లేకున్నా జనం వస్తారు. రేసు కోసం వచ్చి గది తీసుకున్నవాడు సర్వేకు దొరుకుతాడు. మూసిన రోడ్ల గురించి, హోరు గురించి విని ఆ వారం షికాగో ప్రయాణం మానుకున్నవాడు ఏ సర్వేకూ దొరకడు. మనవాళ్ళు చాలామంది ఉండే నేపర్‌విల్ లాంటి శివారు ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చి మనిషికి 269 డాలర్ల టికెట్టు కొంటే, అది ఆ ప్రాంతానికి కొత్తగా వచ్చిన సొమ్ము కాదు. వచ్చే నెలలో బేస్‌బాల్ ఆటకో, నాటకానికో, రెస్టారెంటుకో అదే ప్రాంతంలో పెట్టవలసిన డబ్బు ఇటు మళ్ళింది, అంతే. పైగా టికెట్టు సొమ్ములో ఎక్కువ భాగం షికాగోలో నిలిచేది కాదు. నాస్కార్ ప్రధాన కార్యాలయం ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఉంది. జట్లలో అత్యధికం నార్త్ కరోలైనాలో షార్లట్ చుట్టుపక్కలవి. రేసు ముగియగానే లారీలెక్కి వెళ్ళిపోతాయి.

నగరం చేతికి నికరంగా వచ్చిందేమిటో ఒప్పందమే చెబుతుంది. షికాగో పార్కుల సంస్థకు 2023లో నాస్కార్ చెల్లించిన అనుమతి రుసుము 5 లక్షల డాలర్లు. దానిమీద టికెట్టుకు 2 డాలర్లు, తినుబండారాల అమ్మకాలపై నికర ఆదాయంలో 15 శాతం. మూడో ఏటికి రుసుము 6 లక్షల 5 వేలకు పెరిగేలా రాసుకున్నారు. అటు పోలీసుల ఓవర్‌టైము, వీధుల మరమ్మతు, ట్రాఫిక్ సిబ్బంది వగైరాలకు మొదటి ఏడాది నగరానికి పడింది దాదాపు 35 లక్షల డాలర్లు. విమర్శలు చెలరేగాక రెండో ఏడాదికి మరో 20 లక్షల డాలర్లు ఇవ్వడానికి నాస్కార్ ఒప్పుకుంది. పన్నుల రూపంలో కొంత వచ్చిన మాట నిజమే. కానీ దాదాపు 11 కోట్ల డాలర్ల మేలు పొందిందని చెప్పిన నగరం, 35 లక్షల బిల్లు కోసం నిర్వాహకులతో మళ్ళీ బేరానికి కూర్చోవాల్సి వచ్చింది. ఆ మేలు ఖజానా దాకా రాలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

లెక్కకు అందని ఖర్చులు వేరే ఉన్నాయి. గ్రాంట్ పార్కు షికాగో జనం ఉమ్మడి సొత్తు. ఆ నేలను ఎల్లకాలం అందరికీ తెరిచి ఉంచాలని, కట్టడాలతో అడ్డుపెట్టకూడదని 1836 నాటి నగర పటం మీదే రాసుకున్నారు. ఆ మాట నిలబెట్టడానికి మాంట్‌గొమరీ వార్డ్ అనే వ్యాపారి రెండు దశాబ్దాల పాటు కోర్టుల్లో పోరాడాడు. అలాంటి చోట వారాల తరబడి కాంక్రీటు దిమ్మెలు, కంచెలు, గ్యాలరీలు లేచాయి. ఏటా వేసవిలో ఆ పార్కులో జరుగుతూ వచ్చిన ‘టేస్ట్ ఆఫ్ షికాగో’ తిండి పండుగను, పైసా ప్రవేశ రుసుము లేకుండా ఊరంతా తిరిగే పండుగను, ఆ ఏడాది సెప్టెంబరుకు జరిపారు. రేసుకు రెండు రోజుల ముందు ఏర్పాట్లు చేస్తున్న ఒక కార్మికుడు కరెంటు షాకుతో చనిపోయాడు. ఇవన్నీ చెప్పి రేసు వద్దనడం నా ఉద్దేశం కాదు. ఇవన్నీ ఖర్చులే కాబట్టి ఖర్చుల పద్దులోనే రాయాలి.

ప్రచారం మాటేమిటి అంటారు. టీవీలో దాదాపు 48 లక్షలమంది చూశారు. ఎన్‌బీసీలో కొన్నేళ్ళుగా ఏ నాస్కార్ రేసుకూ అంతమంది రాలేదు. హెలికాప్టరు కెమెరాలో సరస్సు, బకింగ్‌హామ్ ఫౌంటెన్, ఆకాశ హర్మ్యాలు వాన పొగమంచులో ఎంతో అందంగా కనిపించాయి. అయితే షికాగోను ప్రపంచానికి కొత్తగా పరిచయం చేయాలా? రేసు దారి తాకిన మిషిగన్ అవెన్యూ మీదే, కాస్త ఉత్తరంగా, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1893లో స్వామి వివేకానంద సర్వమత సభలో మాట్లాడింది ఆ భవనంలోనే. మన ఊళ్ళలో బడి పిల్లలకు కూడా ఆ నగరం పేరు అలాగే తెలుసు. అంత పేరున్న ఊరు రెండు గంటల టీవీ దృశ్యాల కోసం బొక్కసం తెరవాలనడం నిలబడే వాదన కాదు. ప్రచారం అవసరం ఉన్నది నాస్కార్‌కు. దశాబ్దాలుగా దక్షిణాది రాష్ట్రాల ఆటగా పేరుపడ్డ ఈ క్రీడకు పెద్ద నగరపు కొత్త ప్రేక్షకులు కావాలి. షికాగో ఆ ప్రేక్షకులనూ ఇచ్చింది, ఆ దృశ్యాన్నీ ఇచ్చింది. అమ్ముకోవాల్సిన నగరం అమ్ముకోకుండా, పైగా తానే ఏదో లాభపడుతున్నానని నమ్మింది.

అంకెల మాట పక్కన పెట్టి, ఆ ఆదివారం అక్కడ నిజంగా జరిగినదాని గురించి చెప్పాలి. స్టాక్ కారు బయటికి షోరూము కారు పోలికలతో ఉంటుంది. లోపల మాత్రం రేసు కోసమే కట్టిన యంత్రం: డ్రైవరుతో కలిపి పదిహేను వందల కిలోల పైన బరువు, ఆ ఏడాది లెక్కన 670 హార్స్ పవర్ వి8 ఇంజను. ఎక్కువ రేసులు వాలుగా కట్టిన ఓవల్ ట్రాకుల మీద, ఒకే వైపు తిరుగుతూ జరుగుతాయి. అలాంటి బరువైన కారును 2.2 మైళ్ళ పొడవున, 12 మలుపులతో, కొలంబస్ డ్రైవ్, లేక్ షోర్ డ్రైవ్, రూజ్‌వెల్ట్ రోడ్డు, మిషిగన్ అవెన్యూల మీద వదిలారు. అన్నీ రోజూ బస్సులు, టాక్సీలు తిరిగే రోడ్లు. ఒక చోట తారు, ఒక చోట కాంక్రీటు, మధ్యలో అతుకులు, మ్యాన్‌హోలు మూతలు, రోడ్డు మధ్య ఎత్తుగా ఉండి పక్కలకు జారే వాలు. రెండు వైపులా గోడలు. తప్పితే జారిపోవడానికి గడ్డి లేదు, ఇసుక లేదు. దీనికి తోడు ఆ రోజు షికాగోలో రికార్డు వాన. నగరం పడమటి పేటల్లో ఇళ్ళ సెల్లార్లలోకి నీళ్ళు వచ్చాయి. ఆలస్యంగా, తడి టైర్లతో రేసు మొదలైంది. ఆరో మలుపు దగ్గర టైర్ల గోడలోకి దూసుకుపోయినవాళ్ళలో చాంపియన్లు కూడా ఉన్నారు. తర్వాత రోడ్డు కొద్దికొద్దిగా ఆరింది. ఎండిన గీత మీద ఒక కారు మాత్రమే పట్టే వెడల్పు. పక్కకు వెళ్ళి దాటాలంటే తడిమీద అడుగుపెట్టాలి.

అక్కడ న్యూజిలాండ్ నుంచి వచ్చిన షేన్ వాన్ గిస్‌బర్గెన్ అనే డ్రైవరు, నాస్కార్ అగ్రశ్రేణి పోటీ అయిన కప్ సిరీస్‌లో అంతవరకు ఒక్క రేసు కూడా ఆడనివాడు, ట్రాక్‌హౌస్ జట్టు 91వ నంబరు షెవ్రొలే నడిపాడు. ల్యాపులు వంద నుంచి 75కు కుదిస్తున్నామని మధ్యలో ప్రకటించడంతో ఎవరు ఎప్పుడు పిట్‌లోకి రావాలన్న ఎత్తుగడలు తారుమారై, ముందు వరుసలో ఉన్న అతను మధ్య వరుసల్లోకి జారాడు. అక్కడి నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాడు. బ్రేకు ఎక్కడ వేయాలో, కారు వెనక భాగం ఎంత జారితే మలుపు తిరుగుతుందో, గోడకు ఎంత దగ్గరగా వెళ్ళవచ్చో అతనికి ఒంటికి తెలిసిన విద్య. కుడికాలి మునివేళ్ళతో బ్రేకు తొక్కుతూ మడమతో యాక్సిలరేటరును తాకే పాత పద్ధతి అతనిది. అమెరికన్ డ్రైవర్లు అత్యధికులు ఎడమకాలితో బ్రేకు వేస్తారు. చివరికి జస్టిన్ హేలీని దాటాడు. అదనపు ల్యాపులతో కలిపి 78 ల్యాపుల తర్వాత గెలిచాడు. తొలి కప్ రేసులోనే గెలిచినవాడు 1963లో జానీ రూథర్‌ఫోర్డ్ తర్వాత అప్పటిదాకా మరొకడు లేడు. ఆ సాయంత్రం చూసినవాళ్ళకు రేసు అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒక నగరం తన రోడ్లు ఇచ్చి కొనుక్కున్నది అదే. అదే దాని విలువ. దాన్ని 10 కోట్ల 89 లక్షలు అనే అంకె కిందికి లాగడం ఆ డ్రైవరుకూ అన్యాయం, వానలో తడుస్తూ నిలబడ్డవాళ్ళకూ అన్యాయం.

అతను ఆ విద్య నేర్చిన చోటు ఏదో చూస్తే నా వాదన ఇంకా బలపడుతుంది. ఆస్ట్రేలియా సూపర్‌కార్స్‌లో అతను మూడుసార్లు చాంపియన్. ఆ సిరీస్ బరువైన వి8 కార్లను ఏళ్ళ తరబడి నగర వీధుల్లో తిప్పుతోంది: అడిలైడ్, గోల్డ్ కోస్ట్, టౌన్స్‌విల్. అన్నిటికీ తలమానికం బాథర్స్ట్. అక్కడి మౌంట్ పనోరమా 6.2 కిలోమీటర్ల ప్రజా రహదారి. 1930ల మాంద్యంలో పని లేనివాళ్ళకు పని కల్పిస్తూ కట్టిన కొండదారి. 1938లో తెరిచారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎవరి కారు వాళ్ళు గంటకు 60 కిలోమీటర్ల పరిమితిలో నడుపుకోవచ్చు. ట్రాకు పక్కనే ఇళ్ళు ఉన్నాయి, ద్రాక్షతోటలు ఉన్నాయి. 1963 నుంచీ అక్కడ ఏటా పెద్ద రేసు జరుగుతోంది. తాతలు తండ్రులను, తండ్రులు పిల్లలను తీసుకెళ్ళి కొండమీద గుడారాలు వేసుకుంటారు. బాథర్స్ట్ తన రేసును ఆర్థిక నివేదికతో మొదలుపెట్టలేదు. ఊరికి రోడ్డు ఉంది, రోడ్డుకు రేసు వచ్చింది, రేసు ఊరిదైంది.

అడిలైడ్ కథ ఇంకా స్పష్టం. 1985 నుంచి 1995 దాకా అక్కడ ఫార్ములా-1 వీధుల్లో జరిగింది. 1999 నుంచి సూపర్‌కార్స్. 2020లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం, జనం తగ్గుతున్నారు, ఖర్చు గిట్టదు అని రేసును రద్దు చేసింది. 2022 ఎన్నికల్లో ప్రతిపక్షం రేసును తిరిగి తెస్తామని మాట ఇచ్చింది, గెలిచింది, అదే ఏడాది డిసెంబరులో రేసు జరిగింది. అక్కడి ప్రభుత్వమూ డబ్బు లెక్కలు చెబుతుంది, కాదనను. కానీ రద్దు చేసింది ఆ లెక్కే, తిరిగి తెచ్చింది ఓట్లు. అది తమ పండుగ అని జనం అనుకున్నారు కాబట్టే అది ఎన్నికల హామీ కాగలిగింది. షికాగో రేసు ఆగిపోయినప్పుడు దాన్ని తిరిగి తెస్తామని ఏ పార్టీ అయినా ఎన్నికల్లో నిలబడుతుందా?

ఇక్కడ నాస్కార్ పాత అభిమానులకు ఒక మాట. స్టాక్ కార్లకు వీధి తగదని, ఓవల్ మీద తిరగడమే అసలు రేసు అని వాళ్ళలో చాలామంది అంటారు. చరిత్ర వాళ్ళ పక్షాన లేదు. 1948 ఫిబ్రవరిలో నాస్కార్ నడిపిన మొట్టమొదటి రేసు డేటోనాలో, సగం సముద్రపు ఇసుక మీద, సగం ఎ1ఎ అనే ప్రజా రహదారి మీద జరిగింది. డేటోనాలోని పెద్ద ఓవల్ 1959లో గానీ తెరుచుకోలేదు. అంతకుముందు 1895 నవంబరులో, అమెరికాలో మొదటి మోటారు కార్ల పోటీ ఇదే షికాగోలో, జాక్సన్ పార్కు నుంచి ఇవాన్‌స్టన్‌కు వెళ్ళి వచ్చే మంచు రోడ్ల మీద జరిగింది. ఆరు బండ్లు బయల్దేరితే రెండే తిరిగి చేరాయి. గెలిచిన ఫ్రాంక్ డ్యూరియాకు 54 మైళ్ళకు పది గంటల పైన పట్టింది. వీధి రేసు ఈ క్రీడకు పరాయిది కాదు. పరాయిది ఆ లాభాల నివేదికే.

ఆ నివేదికను నమ్ముకుంటే ఏమవుతుందో బాల్టిమోర్ ముందే చూపించింది. 2011లో నగర వీధుల్లో ఇండీకార్ రేసు తెచ్చారు. కోట్ల డాలర్ల ప్రయోజనం అన్నారు. ట్రాకు కోసం ప్రజల సొమ్ముతో రోడ్లు వేశారు, చెట్లు కొట్టేశారు. మొదటి ఏడాదికే నిర్వాహక సంస్థ నగరానికీ ఇతరులకూ బాకీపడింది, నగరం దాని కాంట్రాక్టు రద్దు చేసింది. కొత్త నిర్వాహకులతో ఇంకో రెండేళ్ళు లాగి 2013తో ముగించారు. రేసులు బాగానే జరిగాయి. వాటి గురించి ఇప్పుడు ఆ ఊళ్ళో ఎవరూ మాట్లాడరు, బాకీల గురించే మాట్లాడతారు.

మన దగ్గర జరిగింది మనకు తెలుసు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో జరిగిన ఫార్ములా-ఇ, 2013 గ్రేటర్ నోయిడా ఫార్ములా-1 తర్వాత మన దేశం చూసిన మొదటి ఎఫ్ఐఏ (అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య) ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు. స్టాక్ కార్లు కావు, విద్యుత్ కార్లు. కానీ వాదన అచ్చంగా అదే. ఎన్టీఆర్ గార్డెన్స్, కొత్త సచివాలయం, నెక్లెస్ రోడ్డు చుట్టూ 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. జాన్ ఎరిక్ వెర్న్, వెనక నిక్ కాసిడీ తరుముతుండగా, బ్యాటరీలో మిగిలిన కొద్ది శక్తిని పొదుపు చేసుకుంటూ చివరి ల్యాపుల్లో నిలబడిన తీరు ఆ ఏడాది చూసిన మంచి డ్రైవింగుల్లో ఒకటి. రెండు జాగ్వార్ కార్లు, ఒకే జట్టువి, ఒకదాన్నొకటి గుద్దుకుని రెండూ పోయాయి. హుస్సేన్ సాగర్ పక్కన ప్రపంచ స్థాయి డ్రైవర్లను కళ్ళారా చూసిన పిల్లలున్నారు. నాకు ఆ రోజు నిజంగా గర్వంగా ఉంది.

రేసు గురించి మనం ఎంత మాట్లాడుకున్నాం? చాలా తక్కువ. మాట్లాడుకున్నదంతా 700 కోట్ల గురించి. నగరానికి 700 కోట్ల రూపాయల లబ్ధి అని ఒక నివేదిక చెప్పిందన్నారు. అంతకుముందు 2022 నవంబరులో అదే దారిలో ఇండియన్ రేసింగ్ లీగ్ పెట్టినప్పుడు ఖైరతాబాద్, లక్డీకాపూల్, సైఫాబాద్ వైపు వాహనాలు గంటలకొద్దీ నిలిచిపోయాయి. ప్రమాదాలతో, జాప్యంతో ఆ వారాంతం అసలు రేసులే రద్దయ్యాయి. ఆ ఇబ్బంది పడ్డవాళ్ళకు చెప్పిన సమాధానం కూడా ఇదే: నగరానికి కోట్లు వస్తాయి, ఓర్చుకోండి. ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆ కోట్లు ఎక్కడున్నాయని అడిగింది. 2024 జనవరిలో రెండో రేసు రద్దయింది. ఆ ఏడాది డిసెంబరులో, చెల్లింపుల మీద అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టింది. ఆ కేసులో తప్పొప్పులు న్యాయస్థానం తేల్చాలి, నా వాదనకు దానితో పనిలేదు. నేను చెప్పేది ఒక్కటే. ఆ రేసును తెచ్చినవాళ్ళూ రద్దు చేసినవాళ్ళూ ఒకే కొలబద్ద వాడారు. ఒకరు 700 కోట్లు వచ్చాయన్నారు, ఇంకొకరు రాలేదన్నారు. హైదరాబాదుకు ఈ రేసు కావాలా, దానికి మనం ఎంతవరకు ఖర్చు పెట్టడానికి సిద్ధం అని జనాన్ని ఏ పక్షమూ అడగలేదు.

ఖర్చు అని ఒప్పుకుంటే ఏ ప్రభుత్వం రేసు పెడుతుంది అని అడిగేవాళ్ళుంటారు. ఈ ప్రశ్నకు జవాబు అదే హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉంది. ఏటా గణేశ్ నిమజ్జనానికి అవే రోడ్లు మూస్తారు. క్రేన్లు పెడతారు, నగరం నలుమూలల నుంచి పోలీసులను దింపుతారు, తెల్లవారే దాకా ఊరేగింపులు సాగుతాయి, మర్నాడు చెరువును, రోడ్లను శుభ్రం చేస్తారు. ట్రాఫిక్‌తో విసుక్కునేవాళ్ళున్నారు, నీటి కాలుష్యం గురించి సరైన వాదనే చేసేవాళ్ళున్నారు. కానీ నిమజ్జనం వల్ల నగరానికి ఎన్ని వందల కోట్ల ఆర్థిక ప్రయోజనం అని నివేదిక రాయించి దాని మీద అనుమతి ఇచ్చిన ప్రభుత్వం లేదు. ఆ అవసరం ఏ పార్టీకీ కలగలేదు. ఊరు తనదనుకున్న దానికి ఖర్చు పెట్టుకుంటుంది. 2021లో టాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు వాహనాలకు మూసి జనానికి వదిలినప్పుడు కూడా దానిమీద ఎంత సంపాదిస్తామని ఎవరూ అడగలేదు, పిల్లాపాపలతో వచ్చి నడిచారు.

రేసుకు అలా ఊరిది అయ్యే అవకాశమే మనం ఇవ్వడం లేదు. 2023లో షికాగోలో చౌక టికెట్టు 269 డాలర్లు, ఖరీదైనది 3,015 డాలర్లు. మామూలుగా ఎవరైనా నడిచి వెళ్ళే పార్కు చుట్టూ కంచెలు. పెట్టుబడి అన్నాక ప్రతి చూపునూ అమ్మాలి కదా, అందుకే ఆ కంచెలు. ఖర్చు అనుకుంటే ఆలోచన తిరగబడుతుంది: మన సొమ్ముతో, మన రోడ్డు మీద జరుగుతున్నదాన్ని ఊళ్ళోవాళ్ళలో ఎంతమంది ఉచితంగా చూడగలరు? ఏ మలుపులో ఉచిత గ్యాలరీ ఉంటుంది? ఆ వారం రోడ్డు పక్క దుకాణాలకు, టాక్సీ నడిపేవాళ్ళకు పోయిన బేరానికి ఎవరు కట్టిస్తారు? స్థానిక పిల్లల్లో గో-కార్టులు తోలేవాళ్ళకు ఆ ట్రాకు మీద ఒక పూట దొరుకుతుందా? ఈ ప్రశ్నలు లాభం భాషలో పుట్టనే పుట్టవు.

ఊరిది కాని రేసు ఎంత తేలిగ్గా వెళ్ళిపోతుందో కూడా షికాగోలోనే చూశాం. ఆ నగరానికి నలభై మైళ్ళ దూరంలో జోలియెట్ అనే ఊళ్ళో 2001లో కట్టిన ఓవల్ ట్రాకు ఉంది. 2019 తర్వాత దాన్ని నాస్కార్ ఖాళీగా వదిలేసింది. వీధి రేసు మూడేళ్ళూ అక్కడ నాస్కార్ రేసు లేదు. 2025 జులైలో వాన్ గిస్‌బర్గెన్ షికాగో వీధుల్లో కప్ రేసు రెండోసారి గెలిచిన కొద్ది రోజులకే, 2026లో అక్కడ రేసు ఉండదని నాస్కార్ ప్రకటించింది. ఆ స్థానంలో సాన్ డియాగోలోని కొరొనాడో నౌకాదళ స్థావరంలో రేసు అంది, జోలియెట్ ట్రాకును మళ్ళీ తెరుస్తామంది, షికాగో వీధులకు 2027లో తిరిగి రావాలని ఉందనీ అంది. లెక్క మారితే చోటు మారుతుంది. వ్యాపార సంస్థగా వాళ్ళ నిర్ణయం వాళ్ళిష్టం. మొదటి ఏడాదే దాదాపు 11 కోట్ల డాలర్లు సంపాదించి పెట్టిందన్న రేసు పోతోందని షికాగోలో పెద్దగా ఆందోళన కూడా కనబడలేదు. ఆ అంకెను చెప్పినవాళ్ళే దాన్ని అంత గట్టిగా నమ్మలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

2022లో అప్పటి మేయరు లోరి లైట్‌ఫుట్ ఈ రేసును ప్రకటించినప్పుడు, రేసు తమ వార్డుల్లోంచే వెళ్తున్నా తమతో ముందు సంప్రదించలేదని నగర పాలక సభ్యులు కొందరు బాధపడ్డారు. వాళ్ళ బాధ న్యాయమైనది. షికాగో మళ్ళీ బేరం బల్ల ముందు కూర్చున్నా, రేపు హైదరాబాదుకో విశాఖ బీచ్ రోడ్డుకో మరో రేసు ప్రతిపాదన వచ్చినా, ప్రయోజనం నివేదికను పక్కన పెట్టి సంతకానికి ముందే ఒక కాగితం బయటపెట్టాలి. ప్రజల సొమ్ము ఎంత, రోడ్లు మూసే రోజులు ఎన్ని, ఉచితంగా చూసే చోట్లు ఎక్కడ, నష్టపోయినవాళ్ళకు పరిహారం ఎంత, మధ్యలో నిర్వాహకుడు తప్పుకుంటే బాకీ ఎవరిది. అది చదివి కార్పొరేషన్‌లో చేతులెత్తి ఓటు వేయాలి. అక్కడ రేసు ఓడిపోతే నాకు బాధ కలుగుతుంది, కానీ ఆ ఓటుకు కట్టుబడతాను. గెలిస్తే మాత్రం, వచ్చే ఏడాది లాభమెంత అని ఎవరూ అడగకూడదు.